ఏసీ లోపలి నుంచి నీళ్ళు కారుతున్నాయి, గ్యాస్ నింపాలంటున్నారు. నిజమేనా?

ప్రశ్న (విజయవాడ)

అందరికీ నమస్కారం. మా పడగ్గదిలో ఒకటిన్నర టన్ను స్ప్లిట్ ఏసీ ఉంది. చల్లదనానికి ఏ లోటూ లేదు. కానీ రాత్రి వేసుకుని పడుకుంటే తెల్లారేసరికి గోడ తడిసిపోతోంది, ఇండోర్ యూనిట్ ఎడమ మూల నుంచి చుక్కలు చుక్కలుగా నీళ్ళు మంచం మీద పడుతున్నాయి. బాల్కనీలోకి వదిలిన డ్రెయిన్ పైపు చివర మాత్రం పొడిగా ఉంది. మెకానిక్‌ని పిలిపిస్తే గ్యాస్ తగ్గింది, నింపాలి అన్నాడు. ఇంట్లో చిన్న పిల్లాడు ఉన్నాడు, ఆ గోడకే స్విచ్ బోర్డు ఉంది, టెన్షన్‌గా ఉంది. గ్యాస్ నింపిస్తే ఇది తగ్గుతుందా? ఇంట్లో మనమే చేసుకోగలిగింది ఏమైనా ఉందా?

జవాబు (ఏసీ మెకానిక్, గుంటూరు)

గ్యాస్ ఇప్పుడే నింపించకండి సార్. మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. గది చల్లబడుతోంది, బయట పైపు చివర పొడిగా ఉంది. అంటే నీళ్ళు తయారవుతున్నాయి, పోయే దారి మూసుకుపోయింది. గదిలో గాలి చల్లని కాయిల్‌కి తగిలి, అందులోని తేమ నీరై కింద ట్రేలో పడుతుంది. అక్కడి నుంచి పైపులో వాలును బట్టి దానంతట అదే బయటికి పోవాలి. స్ప్లిట్ ఏసీల్లో చాలావాటికి నీళ్ళు తోడే మోటారు ఉండదు. మన కోస్తా ఉక్కపోతలో ఒకటిన్నర టన్ను ఏసీ గంటకు లీటరు పైగా కూడా నీళ్ళు వదులుతుంది. దారి మూసుకుపోతే రాత్రికి మీ మంచం తడవకుండా ఎలా ఉంటుంది?

గ్యాస్ తగ్గినా నీళ్ళు కారే మాట నిజమే. కానీ అప్పుడు ముందు కాయిల్ మీద మంచు కడుతుంది. ఏసీ ఆపాక అది కరిగి ఒక్కసారిగా ట్రే పొంగుతుంది. చల్లదనం కూడా తగ్గిపోతుంది. గంటసేపు ఏసీ నడిపి, ఆపేసి, ముందు మూత ఎత్తి ఫిల్టర్లు తీసి టార్చి వేసి చూడండి. కాయిల్ పల్చటి రేకుల మీద తెల్లగా మంచు కనిపిస్తే అది వేరే కథ. అప్పుడు కూడా ముందు ఫిల్టర్లు కడగండి, దుమ్ము పట్టి గాలి ఆడకపోయినా అలాగే మంచు కడుతుంది. గ్యాస్ వాడేకొద్దీ ఖర్చయ్యేది కాదు, ఎక్కడో లీకైతేనే తగ్గుతుంది. లీకు ఎక్కడుందో చూపించకుండా నింపుతానంటే ఒప్పుకోకండి.

ప్రశ్న అడిగినవారు

చూశానండి, మంచు లేదు. మరి పైపు ఎలా క్లీన్ చేయాలి? మా పక్కింటాయన బాత్రూమ్ యాసిడ్ కొంచెం కలిపి పోస్తే అంతా పోతుందన్నారు.

జవాబు (ఏసీ మెకానిక్, గుంటూరు)

యాసిడ్ జోలికి అస్సలు పోవద్దు. ఆ రేకులు అల్యూమినియం, లోపలి గొట్టాలు చాలావాటికి రాగివి. యాసిడ్ వాటిని తినేస్తుంది. పైపు బాగు చేయబోయి కాయిల్ చిల్లు పడితే అప్పుడు నిజంగానే గ్యాస్ పోతుంది. కాగే నీళ్ళు కూడా వద్దు, పైపు మెత్తబడి వంగిపోతుంది.

ముందు ఏసీకి కరెంటు ఇచ్చే ఎంసీబీ స్విచ్ దించేయండి. రిమోట్‌తో ఆపితే సరిపోదు. మంచం జరిపి కింద పాత దుప్పటి పరవండి. తడి, పొడి రెండూ లాగే వ్యాక్యూమ్ క్లీనర్ ఎవరి దగ్గరైనా ఉంటే అడిగి తెచ్చుకోండి. మామూలుగా ఇల్లు ఊడ్చుకునే వ్యాక్యూమ్ వద్దు, నీళ్ళు లోపలికి పోతే మోటారు పాడవుతుంది. బాల్కనీలో పైపు చివరకి దాన్ని ఆనించి, చుట్టూ గాలి పోకుండా తడిగుడ్డ బిగించి, రెండు మూడు నిమిషాలు లాగనివ్వండి. బయటికి వచ్చేది చూస్తే మీకే అర్థమవుతుంది. బూడిదరంగులో, నల్ల చుక్కలతో, నానబెట్టిన సబ్జా గింజల్లా జిగురుగా ఉంటుంది. దుమ్మూ తేమా చేరిన చోట పెరిగిన పాచి అది. ట్రే నుంచి దిగే చోట ముడతల పైపు ఉంటుంది, ఆ ముడతల్లోనే ఎక్కువగా పట్టుకుంటుంది.

వ్యాక్యూమ్ దొరక్కపోతే కిటికీ కర్టెన్లకు వేసే ప్లాస్టిక్ తొడుగు స్ప్రింగు వైరు తీసుకుని బయటి నుంచి మెల్లగా తిప్పుతూ పంపండి. ఎక్కడైనా అడ్డు తగిలితే బలవంతంగా నెట్టవద్దు. ఇనప తీగ వాడితే ముడతల పైపుకి చిల్లు పడుతుంది, అది గోడ లోపల పడితే ఇక గోడ పగలగొట్టాల్సిందే. సైకిల్ పంపుతో బయటి నుంచి ఊదడం కూడా నేను ఒప్పుకోను. ఆ పాచి అంతా వెనక్కి ట్రేలోకి, అక్కడి నుంచి మీ గదిలోకి వస్తుంది. మధ్యలో జాయింటు ఊడినా ఊడవచ్చు. మురికి ఎప్పుడూ బయటివైపే రావాలి.

దారి తెరుచుకున్నాక, ఫిల్టర్లు తీసి ఉన్నప్పుడే, కాయిల్ ఎడమవైపు కింది భాగంలో చిన్న బాటిల్‌తో ఒక కప్పు తెల్ల వెనిగర్ మెల్లగా పోయండి. అది రేకుల మీదుగా ట్రేలోకి దిగుతుంది. చాలా మోడళ్ళలో కుడివైపు సర్క్యూట్ బోర్డు ఉంటుంది కాబట్టి అటు చుక్క కూడా పడకూడదు. అరగంట ఆగి, లీటరు మంచినీళ్ళు అలాగే కొద్దికొద్దిగా పోయండి. బాల్కనీలో ఒకరిని నిలబెట్టండి. నీళ్ళు ధారగా వస్తే పని అయినట్టు. ఆగి ఆగి చుక్కలుగా వస్తుంటే ఇంకా ఉంది, మళ్ళీ లాగండి. వెనిగర్‌తో పాటు బ్లీచింగ్ పౌడర్ మాత్రం కలపొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది. మూసిన గదిలో అది ప్రమాదం.

సభ్యురాలు (విశాఖపట్నం)

మా అనుభవం ఒకటి చెప్తానండి. మొక్కలకు పనికొస్తాయని పైపు చివర బకెట్‌లో వేసి ఉంచేవాళ్ళం. సముద్రం పక్కన కదా, బకెట్ త్వరగా నిండేది. పైపు మూతి నీళ్ళలో మునగగానే లోపల గాలి చిక్కుకుని నీళ్ళు వెనక్కి తన్నేవి. పాచి ఏమీ లేకపోయినా గదిలో కారేది. ఇప్పుడు మూతి బకెట్ అంచుకి పైనే ఉండేలా కట్టాం. ఇంకోసారి పైపు చివర్లో కందిరీగ మట్టిగూడు కట్టింది, పుల్లతో గీకితే ఊడి వచ్చింది. పురుగులు దూరకుండా దోమతెర ముక్క కట్టుకోవచ్చు గానీ, దానికే పాచి పడుతుంది, అప్పుడప్పుడు విప్పి కడగాలి.

సభ్యుడు (డాలస్)

అమెరికాలో ఉండే మనవాళ్ళ కోసం ఒక మాట. ఇక్కడ చాలా ఇళ్ళలో ఏసీ అటక మీద ఉంటుంది. అసలు డ్రెయిన్ మూసుకుపోతే నీళ్ళు కింద పెట్టిన రెండో పళ్ళెంలోకి పోతాయి. దాని పైపును కావాలనే కిటికీ పైన, మన కంటికి కనిపించేచోట పెడతారు. అక్కడ చుక్కలు పడుతుంటే వానో ఏమోనని వదిలేయకండి, అసలు లైను బ్లాక్ అయిందని అర్థం. కొన్నింటికి ఫ్లోట్ స్విచ్ ఉంటుంది, నీళ్ళు పెరిగితే అది ఏసీని ఆపేస్తుంది. మండుటెండలో ఏసీ చచ్చిపోయిందనుకుని కంగారు పడేముందు ఆ పళ్ళెం చూడండి. చాలా యూనిట్ల దగ్గర టీ ఆకారపు పైపుకి మూత ఉంటుంది, అది తీసి వెనిగర్ పోయవచ్చు.

ప్రశ్న అడిగినవారు

అన్నగారూ, చెప్పినట్టే చేశాం. మీరన్న జిగురు గుప్పెడు వచ్చింది, ఆ వాసన చెప్పలేను. ఇప్పుడు బాల్కనీలో ధార బాగా వస్తోంది, గోడ ఆరింది. కానీ ఎడమ మూలలో ఇంకా అప్పుడప్పుడు ఒక చుక్క పడుతోంది. పైపు శుభ్రంగానే ఉంది కదా?

జవాబు (ఏసీ మెకానిక్, గుంటూరు)

మీ పైపు ఎటువైపు నుంచి బయటికి వెళ్తుందో చూడండి. చాలా ట్రేలకు రెండు వైపులా డ్రెయిన్ రంధ్రం ఉంటుంది. ఒకదానికి పైపు తగిలిస్తారు, రెండోదానికి చిన్న రబ్బరు బిరడా పెడతారు. సర్వీసు చేసేటప్పుడు అది తీసి సరిగ్గా నొక్కకపోతే అక్కడి నుంచే చుక్క పడుతుంది. ఇది మూత విప్పితేగాని అందదు, కాబట్టి మెకానిక్‌తోనే చేయించండి, “బిరడా చూడు” అని అడిగి మరీ. అతను వచ్చినప్పుడే యూనిట్ లెవెల్ కూడా చూపించండి. పైపు మీటరుకి కనీసం సెంటీమీటరు వాలుతో దిగాలి, మధ్యలో ఎక్కడా వేలాడి పొట్ట పడకూడదు. రాగి పైపులతో కలిపి టేపు చుట్టినప్పుడు డ్రెయిన్ పైపు అడుగున ఉండాలి.

ఇక మీదట సీజన్‌లో పదిహేను రోజులకోసారి ఫిల్టర్లు కుళాయి కింద కడిగి నీడలో ఆరబెట్టండి. ఫిల్టర్‌ని దాటిపోయిన దుమ్మే పాచికి తిండి. ఉగాదికి ముందు ఒకసారి, వానలు మొదలయ్యాక ఒకసారి లీటరు నీళ్ళు పోసి ధార చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు

బిరడానే అండీ! సగం ఊడి ఉంది. నొక్కి పెట్టించాం, ఇప్పుడు చుక్క లేదు. చాలా థ్యాంక్స్. చివరిగా ఒకటి, ఈ నీళ్ళు ఇన్వర్టర్ బ్యాటరీలో పోసుకోవచ్చా? డిస్టిల్డ్ వాటరే కదా అంటున్నారు.

జవాబు (ఏసీ మెకానిక్, గుంటూరు)

వద్దండి. ఆవిరి నుంచి వచ్చిన నీళ్ళే గానీ కాయిల్ మీద దుమ్ము, లోహం, ట్రేలో పాచి అన్నీ కడుక్కుని వస్తాయి. బ్యాటరీకి సీసాలో అమ్మే డిస్టిల్డ్ వాటరే పోయండి. ఇవి ఇల్లు తుడవడానికి, బాత్రూమ్ కడగడానికి, పూలమొక్కలకు వాడుకోండి. తాగడానికి మాత్రం పనికిరావు, పిల్లాడికి బకెట్ అందకుండా చూసుకోండి.