కంట్రీ (అమెరికా పల్లె బాణీ) పాటల్లో మీకు ఇష్టమైన సింగర్ ఎవరు? వాళ్ల పాటతో ఉన్న జ్ఞాపకం ఏంటి?

డల్లాస్_బావగారు
వచ్చే శనివారం ఫ్యామిలీతో డల్లాస్ నుంచి అమరిల్లో అనే ఊరికి వెళ్తున్నాం, 287 హైవే మీద దగ్గర దగ్గర ఆరు గంటలు. ఈసారి సినిమా పాటలు వద్దు, ఈ ఊరి పాటలే పెట్టు అని మా ఆవిడ ఆర్డర్. నాకు తెలిసింది జార్జ్ స్ట్రెయిట్ ఒక్కడే. 2009లో క్లయింట్ ప్రాజెక్ట్ ఆపేశాడు, వీసా టెన్షన్ ఒకపక్క, శాన్ ఆంటోనియోలో ఇల్లు ఖాళీ చేసి సామానంతా కారులో కుక్కి డల్లాస్ వస్తుంటే రేడియోలో 'అమరిల్లో బై మార్నింగ్' వచ్చింది. ముందు ఫిడేలు, తర్వాత ఆయన గొంతు. పాటలో వాడు కూడా శాన్ ఆంటోనియో నుంచే బయల్దేరతాడు, రోడియోల్లో (గుర్రాలు, ఎద్దుల మీద స్వారీ పోటీలు) తిరిగి జీను పోయింది, కాలు విరిగింది, పెళ్లాం పోయింది, అయినా తెల్లారేసరికి అమరిల్లో చేరతానంటాడు. నాకు పెళ్లామైనా మిగిలింది కదా అనుకున్నా, ఆవిడ పక్క సీట్లో రైస్ కుక్కర్ ఒళ్లో పెట్టుకుని నిద్రపోతోంది.
మీ సింగర్ ఎవరు, ఏ పాట, ఎందుకు? ముఖ్యంగా వెనక సీట్లో ఆరేళ్ల పాప ఉంటుంది, తాగుడు పాటలు కానివి చెప్పండి ప్లీజ్.

లాలాగూడ_రైలు
జిమ్ రీవ్స్. మిగతావాళ్లు తర్వాత.
మా నాన్న సికింద్రాబాద్ లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. పక్క క్వార్టర్‌లో ఆంగ్లో ఇండియన్ ఇంజన్ డ్రైవర్ ఉండేవారు, అందరికీ అంకులే. డిసెంబరు వచ్చిందంటే రికార్డ్ ప్లేయర్ వరండాలోకి వచ్చేది. రికార్డుని పాత బనీను ముక్కతో లోపలి నుంచి బయటికి గుండ్రంగా తుడిచి, ఊపిరి బిగబట్టి సూది ఆనించేవారు, అప్పుడు ఎవరైనా గేటు చప్పుడు చేస్తే తిట్లే. 1963లో వచ్చిన జిమ్ రీవ్స్ క్రిస్మస్ పాటల రికార్డు అది. ఆ మరుసటి ఏడాది జులైలో ఆయన నాష్‌విల్ దగ్గర విమానం కూలి చనిపోయారు, ఆ సంగతి మాకు చెప్పేటప్పుడు కూడా అంకుల్ మొన్న మొన్న జరిగినట్టే చెప్పేవారు. 'హీ విల్ హావ్ టు గో'లో ఫోన్ దగ్గరగా పెట్టుకుని మాట్లాడమంటాడు కదా, మా క్వార్టర్ల వరస మొత్తానికి ఒక్క ఫోన్ లేదు, అయినా పాట అందరికీ వచ్చు. అర్థం ఎవరికీ తెలియదు, మా అమ్మయితే అది దేవుడి పాటే అనుకుంది చాలాకాలం.
అంకుల్ వాళ్లు ఆస్ట్రేలియాలో పెర్త్ వెళ్లిపోతూ రికార్డు మా నాన్నకి ఇచ్చారు. ప్లేయర్ ఇవ్వలేదు.

వెస్ట్_వర్జీనియా_వాసు
జాన్ డెన్వర్, ఇంకెవరు? వెస్ట్ వర్జీనియాలో మోర్గన్‌టౌన్‌లో ఎమ్మెస్ చేశా. మొదటి సెమిస్టర్ ఎవడో టికెట్ మిగిలిందని ఫుట్‌బాల్ మ్యాచ్‌కి లాక్కెళ్లాడు, ఆట ముక్క అర్థం కాలేదు, చలికి చేతులు కొయ్యబారిపోయాయి. మనవాళ్లు గెలిచారు, ఇక పోదాం అని లేస్తే ఎవరూ కదలరే! ఒక్కసారిగా స్టేడియం మొత్తం భుజాల మీద చేతులేసుకుని, వెస్ట్ వర్జీనియా మీద డెన్వర్ పాడిన 'కంట్రీ రోడ్స్' ఎత్తుకున్నారు. పక్కనున్న గడ్డం పెద్దాయన నా భుజం మీద కూడా చెయ్యేశాడు. నాకు నర్సీపట్నం బస్టాండ్ గుర్తొచ్చి ఏడుపొచ్చేసింది. ఆయన ఏమీ అడగలేదు.

నాష్‌విల్_నాని
వాసు గారూ, ఏమీ అనుకోకండి, పన్నెండేళ్లుగా కంట్రీ పాటల రాజధాని నాష్‌విల్‌లో ఉంటున్నవాడిగా చెప్తున్నా, జాన్ డెన్వర్ కంట్రీ కాదు. ఫోక్, పాప్. 1975లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ వాళ్లు ఆయనకి ఎంటర్‌టైనర్ ఆఫ్ ది ఇయర్ అవార్డు ఇస్తే, పేరు చదవాల్సిన సింగర్ చార్లీ రిచ్ స్టేజీ మీదే లైటర్ తీసి ఆ కాగితం తగలబెట్టాడు. ఇంకొకటి, పాటలో చెప్పిన బ్లూ రిడ్జ్ కొండలు, షెనాండోవా నది ఎక్కువ భాగం వర్జీనియాలోనే ఉన్నాయి. పాట పుట్టింది మేరీలాండ్‌లో ఒక రోడ్డు మీద కారులో పోతుంటే. డెన్వర్ ఒక్కడే రాసిందీ కాదు, బిల్ డానోఫ్, టాఫీ నివర్ట్ అనే జంట మొదలుపెట్టిన పాట.

వెస్ట్_వర్జీనియా_వాసు
షెనాండోవా పోయి పోయి పొటోమాక్‌లో కలిసేది హార్పర్స్ ఫెర్రీ దగ్గర, అది వెస్ట్ వర్జీనియానే. మ్యాప్ చూసుకోండి. గోదావరి నాసిక్ దగ్గర పుట్టిందని రాజమండ్రి వాళ్లు దాని మీద పాట పాడకూడదా? 2014లో రాష్ట్రమే దాన్ని అధికారిక గీతంగా తీసుకుంది, మధ్యలో మీకేంటి నొప్పి?

గోదారి_గట్టు
గోదావరిని ఇందులోకి లాగకండి 😀

నాష్‌విల్_నాని
నొప్పి కాదండీ, ఫ్యాక్ట్. నేను పెడల్ స్టీల్ గిటార్ వాయిస్తాను. పది తీగలు, కింద పెడల్స్, మోకాళ్లతో నొక్కే లీవర్లు, రెండు చేతులూ రెండు కాళ్లూ ఒకేసారి పనిచేయాలి. మా నాష్‌విల్ బ్లూబర్డ్ కెఫేలో తొంభై సీట్లే ఉంటాయి, పాట రాసినవాడు మీ మోకాలికి తగిలేంత దగ్గర కూర్చుని పాడతాడు, పక్కవాడితో గుసగుసలాడినా ష్ అంటారు. అలాంటిచోట కూర్చుని విన్నవాడికి ఏది కంట్రీయో ఏది కాదో చెవికే తెలుస్తుంది.

హ్యూస్టన్_కిరణ్
ఎన్నేళ్ల నుంచి వాయిస్తున్నారన్నా?

నాష్‌విల్_నాని
ఎనిమిది నెలలు. ఎందుకు?

హ్యూస్టన్_కిరణ్
ఏం లేదన్నా, ఊరికే.

స్మోకీ_పద్మ
మీ గొడవ మీరు పడండి, నాది డాలీ పార్టన్. హెచ్4 (డిపెండెంట్) వీసా మీద వచ్చిన కొత్తలో కారు లేదు, ఉద్యోగం లేదు, చంకలో పిల్ల. మేముండే కౌంటీలో ఆవిడ ఇమాజినేషన్ లైబ్రరీ ఉంది, పేరు రాయిస్తే ఐదేళ్లు నిండేదాకా నెలకో పుస్తకం పోస్టులో ఉచితంగా వస్తుంది. పుస్తకం మీద పిల్ల పేరు అచ్చేసి ఉండేది, ఈ దేశంలో మా ఇంటికి బిల్లు కాకుండా వచ్చిన మొదటి పోస్టు అదే. పిల్లకి చదివి వినిపిస్తూ నా ఇంగ్లిష్ కూడా బాగుపడింది.
ఎవరీవిడ అని పాటలు వెతికితే 'కోట్ ఆఫ్ మెనీ కలర్స్' తగిలింది, 1971 పాట. పన్నెండు మంది పిల్లల ఇల్లు, గుడ్డపీలికలు అతికి వాళ్లమ్మ కోటు కుడుతుంది, ఈ పిల్ల మురిసిపోతూ బడికెళ్తే అందరూ నవ్వుతారు. మా అమ్మమ్మ పాత చీరలతో కుట్టిన బొంత నాతో పాటు సూట్‌కేసులో వచ్చింది. బరువెక్కువైందని హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో పచ్చడి సీసాలు తీసేశాను కానీ దాన్ని తియ్యలేదు. అందులో మా పెద్దమ్మ పెళ్లి చీర ముక్క ఎక్కడుందో ఇప్పటికీ చీకట్లో చేత్తో తడిమి చెప్పగలను.

ఓరుగల్లు_శ్రీను
అంటే కంట్రీ అన్నా మన జానపదం అన్నా ఒకటే కదా?

నాష్‌విల్_నాని
అస్సలు కాదు. జానపదం ఎవరు కట్టారో తెలియదు, ఇక్కడ ప్రతి పాటకీ లెక్క ఉంటుంది. డాలీ రాసిన 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యు' ఎల్విస్ ప్రెస్లీ పాడతానన్నాడు, కానీ హక్కుల్లో సగం ఇవ్వమన్నాడు ఆయన మేనేజర్. డాలీ ఏడ్చింది కానీ ఇవ్వలేదు. 1992లో విట్నీ హ్యూస్టన్ పాడాక ఆ డబ్బంతా ఎవరికి వచ్చింది?

హ్యూస్టన్_కిరణ్
ఇది మాత్రం కరెక్ట్ అన్నా. మనవాళ్లయితే మొహమాటానికి సంతకం పెట్టేసేవాళ్లు.
బై ద వే నాష్‌విల్ హాట్ చికెన్ నిజంగా అంత కారమా? నాకైతే గుంటూరు మిర్చి ముందు తేలిపోయింది.

చార్లీ_ఫ్యాన్
హాట్ చికెన్ తర్వాత. ఏది కంట్రీయో చెవికే తెలుస్తుందన్నారు చూడండి, అక్కడ కాలింది నాకు. కంట్రీ సింగర్ చార్లీ ప్రైడ్ మొదటి రికార్డులు 1966లో రేడియో స్టేషన్లకి ఫొటో లేకుండా పంపారు, నల్లవాడని తెలిస్తే వెయ్యరని. చెవికి నచ్చాడు, కంటికి నచ్చలేదు. 1971లో ఆయనే ఎంటర్‌టైనర్ ఆఫ్ ది ఇయర్. బాంజో ఆఫ్రికా నుంచి బానిసలతో వచ్చిన వాయిద్యం. 2019లో లిల్ నాస్ ఎక్స్ అనే నల్ల కుర్రాడి 'ఓల్డ్ టౌన్ రోడ్'ని బిల్‌బోర్డ్ కంట్రీ చార్టు నుంచి తీసేస్తే అది పోయి అన్ని రకాల పాటలుండే అసలు చార్టులో 19 వారాలు నంబర్ వన్‌గా కూర్చుంది. నేను తుల్సాలో ఒక బార్‌కి మొదటిసారి వెళ్లినప్పుడు గేటు దగ్గరవాడు రెండుసార్లు అడిగాడు, సరైన చోటుకే వచ్చావా అని. లోపల జ్యూక్‌బాక్స్‌లో చార్లీ ప్రైడే పాడుతున్నాడు. కాబట్టి ఎవరు కంట్రీయో తేల్చే పని మీరు పెట్టుకోకండి.

నాష్‌విల్_నాని
నేను వాయిద్యాల గురించి మాట్లాడుతుంటే మీరు రంగులోకి తీసుకెళ్తారేంటి? నేనన్నది డెన్వర్ ఒక్కడి గురించి.

వెస్ట్_వర్జీనియా_వాసు
ఆ డెన్వర్‌కే కదా అవార్డు ఇచ్చింది మీ ఊరివాళ్లు!

లాలాగూడ_రైలు
బాబూ, కాస్త తగ్గండి ఇద్దరూ. సికింద్రాబాద్‌లో పాత టర్న్‌టేబుల్ సూది మార్చేవాళ్లు ఎవరైనా మిగిలారా? డెబ్బైల నాటి మెషీన్ ఒకటి దొరికింది, రికార్డు గుండ్రంగా తిరుగుతోంది కానీ గొంతు రావట్లేదు.

స్మోకీ_పద్మ
బాబాయ్ గారూ, మా తమ్ముడు మౌలాలిలోనే ఉంటాడు, మెసేజ్ పెడతాను, వాడికి ఇలాంటి పిచ్చి ఉంది.

డల్లాస్_బావగారు
వెళ్లొచ్చాం. ఆరేళ్ల పాప అని రాశాను, ఒక్కరూ పట్టించుకోలేదు, సరేలే. విచిటా ఫాల్స్ దాటాక పద్మక్క చెప్పిన కోటు పాట పెట్టాను. పాప మూడుసార్లు మళ్లీ వేయించుకుని, కోటు చూసి నవ్విన పిల్లల పేర్లేంటి అని అడిగింది. అమరిల్లో బోర్డు కనపడగానే జార్జ్ స్ట్రెయిట్‌ని పెట్టాను, అప్పటికి మా ఆవిడ మళ్లీ నిద్రపోయింది. జాన్ డెన్వర్ పెట్టలేదు, గొడవెందుకని.

వెస్ట్_వర్జీనియా_వాసు
గొడవెందుకని అంటే ఏంటండీ మీ ఉద్దేశం?