వాడిన బానెట్, ఫెండర్, బంపర్ మన కారుకు సరిపోతాయో లేదో ఎలా తేల్చుకోవాలి?

నీలికారు:
నా కారు ముందువైపు ఎడమ మూల దెబ్బతిన్నది. బానెట్, ఫెండర్ (ముందు చక్రం పైనుండే రేకు), బంపర్ మూడూ మార్చవలసి ఉంది. విడదీసిన కార్ల నుంచి తీసిన భాగాలు తీసుకుందామనుకుంటున్నాను. అమ్మేవారు మోడల్ ఒకటే, ఏడాదీ ఒకటే కాబట్టి పడుతుందంటున్నారు. ఆ మాట చాలునా? అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

డెంటింగ్ మేస్త్రి:
చాలదండి. ఒకే పేరుతో ఏళ్ల తరబడి అమ్ముడయ్యే కారుకు కంపెనీ మధ్యలో ముఖం మారుస్తుంది. ఆ మార్పు జనవరి ఒకటో తేదీనే రావాలని లేదు కనుక, ఒకే ఏట తయారైన రెండు కార్లలో ఒకటి పాత రూపంలోనూ మరొకటి కొత్త రూపంలోనూ ఉండవచ్చు. అందువల్ల రిజిస్ట్రేషన్ అయిన ఏడాదిని కాక, తయారైన నెలను చూడాలి. హెడ్‌లైటు ఆకారం మారితే దాన్ని ఆనుకొని ఉండే ఫెండర్ మొన, బానెట్ ముందు అంచు కూడా చాలాసార్లు మారతాయి. వీలైతే మీకు కావలసిన మూడూ ఒకే కారు నుంచి తీసుకోండి.

అన్నిటికంటే నమ్మదగినది పార్టు నంబరు. మీ కారు 17 అక్షరాల ఛాసిస్ నంబరుతో కంపెనీ కేటలాగులో వెతికి, అక్కడ చూపిన నంబరును ప్యానెల్ లోపలి స్టిక్కరుతో పోల్చండి. ఛాసిస్ నంబరులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు ఉండవు. అలా కనబడితే అవి 1, 0 అని గ్రహించాలి. పార్టు నంబరులో చివరి అక్షరం మాత్రమే వేరుగా ఉంటే, అది పాత నంబరుకు బదులు వచ్చిన కొత్త నంబరు కావచ్చు, లేదా వేరే వేరియంటుది (అదే మోడల్‌లో వేరే సదుపాయాలున్న రకానిది) కావచ్చు. ఆ సంగతి కేటలాగులోనే చూసి తేల్చుకోవాలి, అమ్మేవారి ఊహకు వదలకూడదు. ఎడమ, కుడి అనేవి డ్రైవరు సీట్లో కూర్చుని ముందుకు చూస్తున్నప్పటి లెక్క అని కూడా గుర్తుంచుకోండి.

దూరప్రయాణి:
మేస్త్రి గారు చెప్పినదానికి తోడు, నేను రంధ్రాలను, వెనుక ఉండే బ్రాకెట్లను ముఖ్యంగా చూస్తాను. ఫెండర్‌పై సైడ్ ఇండికేటరుకు, చక్రం చుట్టూ వచ్చే ప్లాస్టిక్ పట్టీకి చోటు ఉందో లేదో చూడాలి. బంపర్‌లోనైతే పార్కింగ్ సెన్సర్లు, ఫాగ్ లైట్లు, హెడ్‌లైటు కడిగే నాజిళ్లు, లాగే కొక్కెం మూత, ఇవన్నీ వేరియంటును బట్టి మారతాయి. లేని రంధ్రం కొలిచి వేయించవచ్చు గానీ, అక్కర్లేని రంధ్రం పూడ్పించడం, లేని బ్రాకెట్ సంపాదించడం చాలా కష్టం. బంపర్ చివరలను ఫెండర్‌కు పట్టి ఉంచే క్లిప్పుల చెవులు విరిగి ఉంటే పైకి ఎంత అందంగా ఉన్నా నేను తీసుకోను.

సెన్సర్ల పనివాడు:
బంపర్ వెనుక రాడార్ (ఎదుటి వాహనాల దూరాన్ని పసిగట్టే సెన్సర్) ఉన్న కార్లలో మరో జాగ్రత్త అవసరం. రాడార్ ఎదుటి భాగంలో పుట్టీ (సొట్టలు పూడ్చే ముద్ద) గానీ మందపాటి రంగు పొరలు గానీ ఉంటే అది సరిగా పనిచేయదు. కొన్ని కార్లలో పాదచారికి తగిలినప్పుడు బానెట్ పైకి లేచే ఏర్పాటు ఉంటుంది. వాటి మడతబందులు వేరు, మామూలు బానెట్ బిగించడం ప్రమాదం. తలుపులు కొనేవారు కూడా, పక్క ఎయిర్‌బ్యాగుకు సంబంధించిన పీడన సెన్సర్ తలుపు లోపల ఉందేమో కనుక్కోవాలి.

నీలికారు:
మీ అందరికీ కృతజ్ఞతలు. నా కారు రంగులోనే ఒక ఫెండర్ దొరికింది, కానీ కింది అంచున కొద్దిగా తుప్పు ఉంది. వేరే రంగుది మాత్రం శుభ్రంగా ఉంది. ఏది తీసుకోవడం మంచిది?

డెంటింగ్ మేస్త్రి:
శుభ్రంగా ఉన్నదే తీసుకోండి. పెయింటు కోడు ఒకటే అయినా రెండు కార్లు ఎండకు ఒకేలా వెలిసిపోవు, ముఖ్యంగా వెండి రంగు తేడా దూరం నుంచే తెలుస్తుంది. ఎలాగూ రంగు వేయించక తప్పదు. మడత లోపలి తుప్పు మాత్రం పైన రంగు వేసినంత మాత్రాన ఆగదు.

పుట్టీ పెట్టారేమో చూడడానికి గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని ప్యానెల్ అంతటా ఆనించండి. పట్టు తగ్గినచోట అనుమానించాలి. అల్యూమినియం, ప్లాస్టిక్ ప్యానెళ్లకు ఈ పరీక్ష పనికిరాదు. పొర మందం కొలిచే పరికరం దొరికితే ఇంకా మంచిది: కంపెనీ రంగు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, అనేక వందలు చూపితే కింద పుట్టీ ఉన్నట్టే.

దూరప్రయాణి:
రంగు వేయించే ముందే మూడింటినీ హెడ్‌లైటుతో సహా బిగించి చూడండి. బానెట్‌కూ ఫెండర్‌కూ మధ్య సందు ముందు నుంచి వెనుకదాకా ఒకేలా రావాలి, బానెట్ లాక్ బలవంతం లేకుండా పడాలి. రంగు వేశాక తిరిగి తీసుకోవడానికి ఎవరూ ఒప్పుకోరు కాబట్టి, సరిపోకపోతే వాపసు తీసుకుంటామని కొనేటప్పుడే బిల్లు మీద రాయించుకోండి.