రాబిన్‌లు నిజంగా అన్నదమ్ములేనా, లేక ఫ్యాన్స్ కలిపిన వరసా?

కొత్తపాఠకుడు:
బ్యాట్‌మ్యాన్ కామిక్స్ ఈ మధ్యే వరసగా చదవడం మొదలుపెట్టా. బ్యాట్‌మ్యాన్ పక్కన ఉండే కుర్ర సహచరుడే రాబిన్, ఆ పేరుతో ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. ఎక్కడ చూసినా ఆ రాబిన్‌లని అన్నదమ్ములనే అంటున్నారు. నాకైతే అలా కనిపించట్లేదు. డిక్ గ్రేసన్, జేసన్ టాడ్ కలిసి పెరగనేలేదు. టిమ్ డ్రేక్‌కి చాలాకాలం సొంత తండ్రి ఉన్నాడు. డేమియన్ ఒక్కడే బ్రూస్ (అంటే బ్యాట్‌మ్యాన్) కన్నకొడుకు, వాడేమో వస్తూనే టిమ్ మీద పడి కొట్టాడు. ఈ వరస అసలు కథలో ఉందా?

పాతసంచికలు:
ఉంది. కాకపోతే బ్రూస్ దగ్గర వెతికితే దొరకదు, డిక్ దగ్గర వెతకాలి. డిక్ మొదట కనిపించింది 1940లో. బ్రూస్ అతన్ని చట్టప్రకారం దత్తత తీసుకున్నది 2001లో! కాగితం మీద కొడుకయ్యేలోపే ఇద్దరికి అన్నయ్య అయిపోయాడు.

1988 నాటి బ్యాట్‌మ్యాన్ 416 తీయండి. డిక్‌ని పక్కకి తప్పించి, అతన్ని ఒక్కమాటైనా అడక్కుండా రాబిన్ డ్రెస్ జేసన్‌కి తొడిగాడు బ్రూస్. డిక్ వెళ్ళి బ్రూస్‌ని గట్టిగానే నిలదీస్తాడు. కానీ ఆ కోపం జేసన్ మీద చూపించడు. తన పాత డ్రెస్ తనే వాడి చేతికిచ్చి, ఫోన్ నంబర్ కూడా ఇస్తాడు. పెద్దాయన మీద కోపం చిన్నవాడి మీదికి మళ్ళించకపోవడం ఎంత కష్టమో ఇంట్లో తమ్ముడున్న ఎవరినైనా అడగండి.

ఆ ఏడాదే ఈ కామిక్స్ వేసే డీసీ వాళ్ళు పాఠకులకి రెండు ఫోన్ నంబర్లిచ్చారు, జేసన్ బతకాలా చావాలా చెప్పమని. చావాలన్నవి 5,343, బతకాలన్నవి 5,271. డెబ్బై రెండు ఓట్లతో పిల్లాడు పోయాడు. (నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.)

గొడవంతా ఆ డ్రెస్ చుట్టూనే, అన్న విడిచిన చొక్కాలాగా. 2009లో బ్రూస్ స్థానంలో డిక్ బ్యాట్‌మ్యాన్ అయ్యాక రాబిన్‌గా డేమియన్‌ని పెట్టుకుంటాడు. టిమ్ మొహం మాడిపోతే, నువ్వు నా శిష్యుడివి కాదు, నాకు సమానం అంటాడు. మాట న్యాయమే. అయినా టిమ్ ఇల్లు వదిలి పోయాడు. పెద్దన్నలు చేసే అన్యాయాలు చాలావరకు ఇలా న్యాయంగానే వినిపిస్తాయి.

రెడ్‌హుడ్_వర్గం:
నంబరిచ్చాడు సరే, చచ్చిన జేసన్ మళ్ళీ బతికి తిరిగొచ్చాక ఏమైంది? టీన్ టైటన్స్ అనే కుర్ర హీరోల జట్టు ఉండే టైటన్స్ టవర్‌కి వెళ్ళి టిమ్‌ని చితకబాదాడు. ఇదేం తమ్ముడి ప్రేమ?

పాతసంచికలు:
ప్రేమని నేనెక్కడన్నా? తన చోట్లో ఇంకొకణ్ణి చూసి ఓర్చుకోలేకపోయాడు. బయటివాడైతే అంత మండదు.

డోనాట్రాయ్_అభిమాని:
అందరూ బ్యాట్‌మ్యాన్ ఇంటి చుట్టూనే తిరుగుతున్నారేంటి? 1964లో రాబిన్ (అప్పటికి డిక్), అలాగే వేరే హీరోల కుర్ర సహచరులు కిడ్ ఫ్లాష్, ఆక్వాలాడ్, ముగ్గురూ పెద్దవాళ్ళు పక్కన లేకుండా ఒక కథలో కలిశారు. మరుసటి ఏడాది వండర్ గర్ల్ (అంటే డోనా ట్రాయ్) చేరింది. టీన్ టైటన్స్ అలా మొదలైంది. న్యూ టీన్ టైటన్స్ 38వ సంచికలో, తన కన్నవాళ్ళెవరో తెలియని డోనా కోసం డిక్ కూపీ లాగుతాడు. కాలిపోయిన ఇంట్లో దొరికిన ఓ బొమ్మ పట్టుకుని మొదలుపెడతాడు. యుద్ధాల్లేవు, ప్రపంచం మునిగిపోవడాల్లేవు. దత్తత లేదు, ఒకే ఇల్లూ కాదు. నా దృష్టిలో డిక్‌కి అసలు తోబుట్టువు డోనానే.

కొత్తపాఠకుడు:
నేను అసలు టైటన్స్ జోలికే పోలేదు. 416 తర్వాత ఇదే చదువుతా. డిక్, టిమ్ మంచిగా ఉన్న కథ ఏదైనా ఉందా? ఆ 2009 గొడవకి ముందుది.

పాతసంచికలు:
నైట్‌వింగ్ (రాబిన్ వేషం వదిలాక డిక్ పెట్టుకున్న పేరు) 25, 1998ది. ఇద్దరూ కళ్ళకి గంతలు కట్టుకుని, పరుగెత్తే రైలు మీదెక్కి కబుర్లు చెప్పుకుంటారు. ప్రాక్టీస్ అని పేరే గానీ, సగం మాటలు బ్రూస్ మీద చాడీలే. డోనా కథ కూడా చదవండి, ఆయన చెప్పింది కరెక్టే.