పచ్చళ్ల షాపుకి మొదటి వెబ్‌సైట్ చేస్తున్నా, ఫోన్‌లో తేడా కొడుతోంది

గుంటూరు_సీఎస్ఈ:
బీటెక్ రెండో ఏడాది చదువుతున్నా. వెబ్‌పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్, వాటికి రూపం ఇచ్చే సీఎస్‌ఎస్ నేర్చుకుని నా సొంత సైటు గిట్‌హబ్ పేజెస్‌లో (సైట్లు ఉచితంగా పెట్టుకునే చోటు) పెట్టాను. అది చూసి మా వీధిలో పచ్చళ్లు పెట్టి అమ్మే ఆంటీ తన షాపుకీ ఒకటి చేసిపెట్టమన్నారు, డబ్బులిస్తానన్నారు కూడా. నా ల్యాప్‌టాప్‌లో ముచ్చటగా ఉంది గానీ, ఆవిడ ఫోన్‌లో తెరిస్తే అక్షరాలు చీమల్లా ఉన్నాయి, 'ఉసిరి తొక్కు'లో కవత్తు వెళ్లి కింద ఉన్న ధర మీద పడుతోంది. రెండు రోజులుగా ఒకటే టెన్షన్. ఎంత తీసుకోవాలో కూడా చెప్పండి.

సీఎస్‌ఎస్_అక్క:
చెల్లీ, పేజీ కోడ్ పైభాగంలో, అంటే హెడ్‌లో, వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ (పేజీని తెర వెడల్పుకి తగ్గట్టు చూపమని ఫోన్‌కి చెప్పే లైను) ఉందా? అది లేకపోతే ఫోన్ మీ పేజీని దాదాపు 980 పిక్సెళ్ల వెడల్పుగా లెక్కేసుకుని తెరలో పట్టేలా కుదించేస్తుంది, చీమలు అందుకే. వత్తులు ధర మీద పడటానికి కారణం లైన్-హైట్, అంటే ఒక్కో లైనుకి ఇచ్చే ఎత్తు. ఇంగ్లిష్‌కి 1.2 సరిపోతుందేమో గానీ మన లిపికి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కదా, 1.7 పెట్టి చూడండి. ఫాంట్ నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ వాడండి. ఫోన్‌తో తీసిన ఫొటోలు ఉన్నవి ఉన్నట్టు ఎక్కించకండి, చిన్నవి చేసి వెబ్‌పీలోకి (తక్కువ సైజులో ఉండే ఫొటో ఫార్మాట్) మార్చండి.

బెంగళూరు_డెవ్:
డొమైన్ (సైటు అడ్రసు పేరు) మాత్రం ఆవిడ పేరు మీద, ఆవిడ ఈమెయిల్‌తోనే కొనండమ్మా. నేను ఫైనలియర్‌లో ఒక బట్టల షాపుకి సైటు చేసి డొమైన్ నా కాలేజీ మెయిల్‌తో తీసుకున్నా, చదువు అయిపోయాక ఆ మెయిల్ ఆపేశారు, రెన్యూవల్ నోటీసులు నాకు చేరలేదు, సరిగ్గా పెళ్లిళ్ల సీజన్‌లో సైటు పోయింది. షాపాయన ఫోన్ చేసి "ఏమైంది బాబూ" అని అడిగిన గొంతు ఇప్పటికీ గుర్తుంది. ఇంకో మాట, గిట్‌హబ్ పేజెస్‌ని ఆన్‌లైన్ వ్యాపారానికి వాడకూడదని వాళ్ల నిబంధనల్లోనే ఉంది, హోస్టింగ్ (సైటు ఫైళ్లు ఉంచే చోటు) వేరే తీసుకోండి. ఎంత అడగాలంటే, పనికి పట్టే రోజులు లెక్కేసుకుని అడగండి, సగం ముందే తీసుకోండి, తర్వాత మార్పులు ఎన్నిసార్లు చేస్తారో కాగితం మీద రాసివ్వండి.

గుంటూరు_సీఎస్ఈ:
అక్కా, ట్యాగ్ నిజంగానే మర్చిపోయాను! అది పెట్టి, లైన్-హైట్ కూడా పెంచాక ఇప్పుడు తొక్కు, ధర విడివిడిగా కనిపిస్తున్నాయి. అన్నా, డొమైన్ కోసం రేపు ఆంటీ దగ్గర కూర్చుని ఆవిడ ఫోన్‌లోనే మెయిల్ ఐడీ తెరుస్తా. ఆర్డర్లకు కార్ట్ పెట్టాలా?

సీఎస్‌ఎస్_అక్క:
వద్దు. ఆవిడ రోజూ వాడేది వాట్సాప్ అయితే ఒక్కో పచ్చడి కింద వాట్సాప్ లింకు ఇవ్వండి, నొక్కగానే పచ్చడి పేరుతో మెసేజ్ తయారుగా ఉండాలి.