కార్బన్ డాట్స్ కలిపాక టైటానియా వేగం తగ్గుతోంది, ఎందుకు?

ప్రశ్న:
కార్బన్ డాట్స్ (నానోమీటర్ల సైజు కార్బన్ రేణువులు) ఇలా చేశాను: సిట్రిక్ ఆమ్లం 1 గ్రాము, ఎథిలీన్‌డైఅమీన్ 0.3 మి.లీ., నీళ్లు 10 మి.లీ. ఆటోక్లేవ్‌లో 200 డిగ్రీల దగ్గర 5 గంటలు. డాట్స్ 365 నానోమీటర్ల దీపం కింద నీలంగా బ్రహ్మాండంగా మెరుస్తున్నాయి. పీ25 టైటానియాకు (వెలుతురుతో రసాయన చర్యలు నడిపే టైటానియం డైఆక్సైడ్ పొడి) బరువులో 5 శాతం కలిపి, 420 నానోమీటర్ల కంటే తక్కువ వెలుతురును ఆపే ఫిల్టర్ పెట్టి మిథిలీన్ బ్లూ అనే రంగు ఎంత వేగంగా వెలిసిపోతుందో చూస్తే ఉత్త పీ25 కంటే నెమ్మది. డాట్స్ ఇంకా పెంచాలా?

జవాబు 1:
పెంచకండి. అంత శాతంలో అవి వెలుతురుకు అడ్డుపడతాయి, వెలుతురుకు విడిపోయిన ఎలక్ట్రాన్లూ హోల్సూ (ఎలక్ట్రాన్ పోయిన ఖాళీలు) మళ్లీ కలిసిపోయే చోట్లుగానూ మారతాయి. 0.25, 0.5, 1, 2 శాతాలతో చూడండి. ముందు 5 మి.లీ. ద్రావణం ఫ్రీజ్ డ్రై చేసి తూచండి, లేకపోతే ఆ శాతాలకు అర్థం లేదు.

అన్నిటికంటే ముఖ్యం, మెరుపు చూసి మురిసిపోవద్దు. ఈ రెసిపీలో నీలం వెలుగు చాలావరకు పక్కనే తయారయ్యే చిన్న ఫ్లోరోసెంట్ అణువులది. 1000 డాల్టన్ల అణుభారం కంటే చిన్న అణువులను బయటికి వదిలే డయాలిసిస్ సంచిలో పోసి, బయటి నీళ్లు దీపం కింద మెరవడం మానేదాకా మారుస్తూ ఉండండి. సంచిలో మిగిలింది వెలవెలబోతుంది, పర్లేదు. టైటానియాకు ఎలక్ట్రాన్ అందించే డాట్ మెరుపు తగ్గాలి. కలిపాక కూడా అంతే మెరిస్తే చాలావరకు అతకలేదనే అనుకోవాలి.

జవాబు 2:
అతకకపోవడానికి పీహెచ్ చూశారా? పీ25 ఉపరితల ఆవేశం 6 నుంచి 6.5 మధ్య సున్నా, అంతకు కిందైతే ధనం. డాట్స్ మీది కార్బాక్సిల్స్ రుణం కాబట్టి 4.5 దగ్గర పట్టుకోవాలి. కానీ అమీన్ ఎక్కువైతే అదే పీహెచ్‌లో డాట్ కూడా ధనమై రెండూ నెట్టుకుంటాయి. జీటా పొటెన్షియల్ (ద్రావణంలో రేణువు ఆవేశాన్ని తెలిపే కొలత) కొలిచి, అవసరమైతే అమీన్ సగం చేయండి. నాలుగు గంటలు కలిపి, సెంట్రిఫ్యూజ్ చేసి, పైతేటలో మెరుపు పోయేదాకా కడిగి, 70 డిగ్రీల్లో ఆరబెట్టండి. గాల్లో 450కి కాలిస్తే డాట్స్ కాలిపోతాయి.

జవాబు 3:
మిథిలీన్ బ్లూ వాడటమే తప్పు. కనిపించే వెలుతురును రంగే పీల్చి టైటానియాకు ఎలక్ట్రాన్ ఇస్తుంది, తాను వెలిసిపోతుంది. డాట్స్ ఉపరితలాన్ని కప్పితే ఆ దారి మూసుకుపోతుంది. మీకు కనిపించిన తగ్గుదల అదే కావచ్చు. ఫినాల్‌తో, హెచ్‌పీఎల్‌సీ (ద్రావణంలోని పదార్థాలను వేరుచేసి కొలిచే యంత్రం) మీద చూడండి. అదీ టైటానియాతో కాస్త జట్టుకట్టి వెలుతురు పీలుస్తుంది కనుక పోలికకు డాట్స్ లేని ఉత్త పీ25 బ్లాంక్ తప్పదు.

ప్రశ్న అడిగినవారు:
బదులుగా కాడ్మియం సల్ఫైడ్ డాట్స్ వేస్తే?

జవాబు 3:
నీటి శుద్ధికి వద్దండి. హోల్స్ సల్ఫైడ్‌నే ఆక్సీకరిస్తాయి, కాడ్మియం నీళ్లలోకి దిగుతుంది. నీళ్ల నుంచి హైడ్రోజన్ తీయడానికైతే సోడియం సల్ఫైడ్, సల్ఫైట్ కలిపిన ద్రావణంలో కొంత నిలుస్తుంది.