అమ్మకి ఆఫీసులో దుబాసీ నేనుండాలా, వాళ్ళిచ్చే మనిషా?

నాగావళి:
అమ్మ గ్రీన్ కార్డు మీద అమెరికా వచ్చి ఆరేళ్ళయింది. ఈ మధ్య ఇంట్లో రెండుసార్లు పడిపోయింది. మేమిద్దరం ఉద్యోగాలకి వెళ్ళాక తోడుండే మనిషిని కౌంటీ (మన జిల్లా లాంటిది) వాళ్ళు ఏర్పాటు చేస్తారేమోనని దరఖాస్తు పెట్టాం. ఒకావిడ ఇంటికొచ్చింది. "తెలుగు ఇంటర్‌ప్రెటర్ని ఫోన్లో కలపమంటారా? మీకు ఖర్చేమీ ఉండదు" అని అడిగింది. నేనున్నాగా, ఎందుకన్నాను.

ముప్పావుగంట నేనే అటూ ఇటూ చెప్పాను. స్నానం ఒక్కరే చేయగలరా, బట్టలు ఎప్పుడైనా తడిసిపోతున్నాయా అని అడిగితే అమ్మ నా మొహం చూసి "లేదమ్మా, బాగానే ఉన్నాను" అంది. తర్వాతి ప్రశ్న: ఇంట్లో ఎవరైనా మీ మీద అరుస్తారా, మీ డబ్బు తీసుకుంటారా, ఎవరంటేనైనా భయముందా? అది నా నోటితోనే మా అమ్మని అడగాలి. అడిగాను. "మా పిల్ల బంగారం" అంది. ఇంకేమంటుంది?

సాయం అవసరమున్నట్టు కనబడలేదని ఉత్తరం వచ్చింది. ఆ రాత్రి చెప్పింది, నెల్లాళ్ళుగా స్నానాల గదిలోకి వెళ్ళాలంటేనే భయంగా ఉందట. నా ముందు చెప్పడానికి సిగ్గేసిందట.

నాకిప్పుడు ఒకటే అనిపిస్తోంది. మనకి ఇంగ్లీషు ఎంత బాగా వచ్చినా, ఇలాంటి పనుల్లో పెద్దవాళ్ళకి పిల్లలం దుబాసీలుగా కూర్చోకూడదు. వాళ్ళిచ్చే మనిషినే అడగాలి. మీరేమంటారు?

ఓరుగల్లు:
అక్కా, మీ బాధ సమజైంది గానీ నేనొప్పుకోను. మేముండే టౌన్ల ఎటు జూసినా మనోళ్ళే. ఫోన్ల మాట్లాడెటామె ఎవలో, ఏ ఊరామెనో ఎరుకనా? రేపు బతుకమ్మ కాడ ఎదురువడితే మా అమ్మ తల ఎత్తుకుంటదా? మా నాయినకు మూత్రం ఆగుతలేదన్న సంగతి మా మేనత్తకే చెప్పలె. పరాయోళ్ళ తోని చెప్పిస్తమా? కన్న కొడుకు కంటె నమ్మకమైనోడు ఎక్కడ దొరుకుతడు?

నాగావళి:
తమ్ముడూ, ఆ మాట మీ నాన్నగారు తనంతట తనే నీకు చెప్పారా, లేక పక్క బట్టలు చూసి నువ్వే తెలుసుకున్నావా? నేనైతే చూడను కూడా చూడలేదు.

ఫోన్ లైన్లోకి వచ్చే మనిషి మన ఊళ్ళోనే ఉండాలని లేదు, ఏ రాష్ట్రం నుంచో మాట్లాడుతుండొచ్చు. సాధారణంగా పేరు బదులు ఒక నంబరు చెబుతారు. విన్నది బయట పెట్టకూడదన్నది ఆ వృత్తిలో మొదటి నియమం. తెలిసిన గొంతనిపిస్తే వేరేవాళ్ళని కలపమని అడగొచ్చు. మన చుట్టాలకి అలాంటి నియమం ఏదీ లేదు.

సరళరేఖ:
కూతురు పక్కనే కూర్చుని ఉంటే ఫోన్లో మనిషికి కౌంటీ డబ్బులెందుకు కట్టాలి? అది నేనూ మీరూ కట్టే పన్నే. హక్కు అనుకుంటున్నవాళ్ళు ఇదీ గమనించండి. భాషా సహాయం మీద 2000లో క్లింటన్ ఇచ్చిన 13166 ఆదేశాన్ని 2025 మార్చి 1న ట్రంప్ రద్దు చేసి, ఇంగ్లీషుని అధికార భాషగా ప్రకటించారు. అంతకు ముందే, డ్రైవింగ్ పరీక్ష ఇంగ్లీషులోనే పెట్టిన అలబామా మీద వేసిన సాండోవాల్ కేసులో, వివక్షని ఫలితాన్ని బట్టి చూసే పౌరహక్కుల నిబంధనల పేరు మీద మామూలు మనుషులు దావా వేయడానికి వీల్లేదని 2001లో సుప్రీం కోర్టు తేల్చింది. మా అత్తగారు డెబ్బయ్యో ఏట లైబ్రరీ క్లాసులకి వెళ్ళి ఇంగ్లీషు నేర్చుకున్నారు. నాకు ఆ దారే గౌరవంగా అనిపిస్తుంది.

ఎడిసన్‌వాసి:
సరళరేఖ గారూ, మీ అత్తగారికి నా నమస్కారం చెప్పండి. మీరు చెప్పిన తేదీలు సరైనవే, కానీ ఆదేశం పోయింది, చట్టం పోలేదు. 1964 పౌరహక్కుల చట్టంలోని టైటిల్ సిక్స్ ప్రకారం, ఫెడరల్ డబ్బు తీసుకునే ఏ కార్యాలయమూ పుట్టిన దేశాన్ని బట్టి మనిషిని దూరం పెట్టకూడదు. భాష కూడా ఆ కిందికి వస్తుందని 1974లో, శాన్ ఫ్రాన్సిస్కో బడుల్లో ఇంగ్లీషు రాని చైనా పిల్లల తరఫున వేసిన లావ్ కేసులో తీర్పొచ్చింది. 2025 ఆదేశంలో కూడా ఏ శాఖ అయినా ఇస్తున్న సేవలు మానేయాలని లేదు. భాషా సాయానికి కాలిఫోర్నియాకి 1973 నుంచి సొంత చట్టముంది. కోర్టుకెక్కే సంగతి పక్కన పెట్టండి, ఇక్కడ మాట కౌంటర్ దగ్గర అడగడం గురించి.

నా బాధ ఇంకోచోట ఉంది. న్యూజెర్సీలోని మా మిడిల్‌సెక్స్ కౌంటీలో ఓటరు కాగితాలు గుజరాతీలో వస్తాయి. ఓటు హక్కుల చట్టం సెక్షన్ 203 కింద, ఇంగ్లీషు సరిగా రాని ఓటు వయసు పౌరులు ఒకే భాషా వర్గంలో 10,000 గానీ 5 శాతం గానీ దాటి, వాళ్ళలో ఐదో తరగతి పూర్తి చేయనివాళ్ళ శాతం దేశ సగటుని మించితే ఆ భాషలో సాయం చేయాలి. మనందరినీ 'ఏషియన్ ఇండియన్' అని ఒక్క గంపలో వేశారు. ఏ భాషలో అచ్చేయాలన్నది ఆ చోటుని బట్టి తేలుతుంది. షికాగో ఉన్న కుక్ కౌంటీలో హిందీ, న్యూయార్క్ క్వీన్స్‌లో బెంగాలీ, మా దగ్గర గుజరాతీ. తెలుగు ఎందుకు లేదని అడిగితే, అడిగినవాళ్ళేరీ అంటారు.

ఆ లెక్కలు అమెరికన్ కమ్యూనిటీ సర్వే నుంచి వస్తాయి. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, ఇంగ్లీషు ఎంత బాగా వచ్చు అని అడుగుతారు. 'వెరీ వెల్' కంటే తక్కువ ఏది పెట్టినా ఆ మనిషి లెక్కలోకి వస్తారు. మా బావగారు ఆ ఫారం నింపుతుంటే చూశాను. వాళ్ళమ్మగారికి ఇంగ్లీషులో బస్సు నంబరు చదవడం కూడా రాదు, అయినా 'వెరీ వెల్' పెట్టారు. పరువట! ఆవిడకి ఇంగ్లీషు రాదని ఒప్పుకోవడంలో పోయే పరువేముంది?

కొత్తగావచ్చాను:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఇంటర్‌ప్రెటర్ని అడిగితే గ్రీన్ కార్డు దరఖాస్తుకి ఇబ్బందని మా రూమ్మేట్ అన్నాడు. నిజమేనా?

ఎడిసన్‌వాసి:
కాదు బాబూ. ప్రభుత్వ సాయం మీదే బతుకుతారా అని చూసే 'పబ్లిక్ ఛార్జ్' లెక్కలోకి ఇంటర్‌ప్రెటర్ రాదు. నిర్భయంగా అడుగు.

మంజీర:
నేను నాగావళి గారి పక్షమే, కానీ ఒక చిక్కుంది. మా కౌంటీ ఫారం తెలుగులో ఇచ్చారని సంతోషపడితే, 'హౌస్‌హోల్డ్' అన్నచోట 'గృహస్థు' అని ఉంది. మా అత్తమ్మ ఇంటి యజమాని పేరడుగుతున్నారనుకుని ఒక్క పేరే రాసింది. అలాంటి తెలుగు కంటే ఇంగ్లీషు కాగితమే నయం. ఫోన్లో మనిషి కూడా 'అర్హత ప్రమాణాలు' అంటే ఆమెకు తెలియదు, 'మీకొస్తదా రాదా' అనాలె. అర్థం కాకపోతే ఆపి, మళ్ళీ చెప్పమనే ధైర్యం పెద్దోళ్ళకు ముందే ఇయ్యాలె.

మా నాన్న ఉట్నూరు వైపు టీచరుగా చేసిండు. తెలుగు రాని గోండు ముసలోళ్ళు ఆఫీసుకు పోవాలంటే తెలుగొచ్చిన ఒకతన్ని వెంటబెట్టుకుని పోయేటోళ్ళట. అతను సార్‌తో ఏం చెప్పిండో, సార్ ఏమన్నడో వాళ్ళకు తెల్వదు. అతను వాళ్ళ దగ్గర పైసలు తీసుకునేటోడు. ఈ చర్చ చదువుతుంటే నాకు వాళ్ళే గుర్తొస్తున్నరు.

ఓరుగల్లు:
అక్కా, మొన్న మీరడిగింది రాత్రంత మనసుల తిరిగింది. నాయిన నాకు చెప్పలె. నేనే జూసిన. మరి నేను పక్కన గూసోవద్దా?

నాగావళి:
కూర్చో తమ్ముడూ, ఆయన ఉండమంటే ఉండు. మాట మాత్రం వాళ్ళ మనిషిని చెప్పనివ్వు. ముందు మీ నాన్నగారినే అడుగు, నువ్వు లేనప్పుడు. మేమూ అప్పీలు పెట్టుకున్నాం. మళ్ళీ గురువారం వస్తున్నారు. "తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి" అని ముందుగానే ఫోన్ చేసి చెప్పాను. 'ఇండియన్' అని రాసుకోబోతే ఆపి, తెలుగు అని అక్షరం అక్షరం చెప్పి రాయించాను. హిందీ మనిషిని కలిపితే అమ్మ మళ్ళీ మొహమాటానికి తలూపేస్తుంది.

నేను బయట కారులో ఉంటానని అమ్మకి చెప్పాను. కాసేపాగి, "కిటికీ లోంచి కనబడేలా పెట్టుకో" అంది.