రోషం ఎక్కువ అంటే మెచ్చుకోలా, హెచ్చరికా?

నిఘంటుప్రియ:
మా చెల్లికి సంబంధం చూస్తున్నాం. మధ్యవర్తి "అబ్బాయి బంగారం, కాకపోతే కాస్త రోషం ఎక్కువ" అన్నారు. ఇంట్లో సగం మంది అది మెచ్చుకోలే అంటున్నారు. నాకు మాత్రం హెచ్చరికలాగే వినిపించింది. అమరకోశం కోపం, క్రోధం, అమర్షం సరసనే రోషాన్నీ చెప్పింది. 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువులోనూ కోపమనే అర్థం. ముక్కు మీద కోపం ఉన్నవాళ్లను వెనకేసుకు రావడానికి మనం ఈ మాటకు లేని గౌరవం ఇస్తున్నామని నా వాదన. మీరేమంటారు?

పల్నాటి పొద్దు:
నిఘంటువు సరే, వాడుక చూడండి. "రోషం తెచ్చుకుని చదివి పాసయ్యాడు" అంటాం. అక్కడ కోపం పెట్టి చూడండి, కుదరదు. "రోషం చంపుకుని అప్పు అడిగాను" అన్నవాడు చంపుకున్నది అభిమానాన్ని. పెద్దవాళ్లు ఓ మాట అనగానే చిన్నపిల్ల కంచం ముందు నుంచి లేచిపోతే, నాయనమ్మ "జానెడు లేదు, ఎంత రోషమో!" అని మురిసిపోతూనే బతిమాలి తినిపిస్తుంది. కోపం కూర మాడినా వస్తుంది, బస్సు తప్పినా వస్తుంది. రోషం రావాలంటే ఎవరో ఒకరు మాట అనాలి. మాట పడి ఊరుకున్నవాడినే కదా "ఉప్పూ కారం తినడం లేదా?" అని అడుగుతాం!

వరాలు:
ఆ ప్రశ్న ఎవరిని అడుగుతారో కూడా చెప్పండి. చెల్లెలు వేరే కులం అబ్బాయిని పెళ్లి చేసుకుంటే అన్నను "నీకు రోషం లేదా?" అని ఎగదోస్తారు. ఆ అమ్మాయి ఎవరినీ ఏమీ అనలేదే! మీరు చెప్పిన షరతు అక్కడేమైంది? అదే ఆడపిల్లను ఎవరైనా మాట అంటే, ఆమె తిరిగి ఎదురు చెబితే, దానికి రోషం అన్న పేరు రాదు. పొగరు అంటారు.

పల్నాటి పొద్దు:
వరాలు గారూ, అన్నను ఎగదోసేవాళ్లను నేనూ సమర్థించను. అది అతనికి పుట్టిన రోషం కాదు, ఊరు రాజేసిన పగ. మా వైపు కారంపూడిలో ఏటా కార్తీకంలో పల్నాటి వీరులను కొలుస్తాం. వాళ్ల కథలో కోడిపోరుతో మొదలైన పంతం యుద్ధం దాకా పోయింది. ఎగదోస్తే ఎక్కడ తేలుతుందో మాకు తెలియక కాదు. కానీ అవమానం జరిగినప్పుడు తలెత్తే గుణానికి తెలుగులో ఇంత సూటి మాట ఇంకోటి లేదు. ఎదురు చెప్పిన ఆడపిల్లకూ ఆ మాటే ఇద్దాం, మగవాళ్లకే ఎందుకు వదలాలి?

నిఘంటుప్రియ గారూ, మధ్యవర్తిని ఒక్కటి అడగండి. ఆ అబ్బాయికి రోషం ఎప్పుడొస్తుంది? పై అధికారి నలుగురిలో చులకన చేసినప్పుడా, ఇంట్లో అన్నం ఆలస్యమైనప్పుడా? రెండోదైతే సంబంధం వదులుకోండి.